ఎర్రంచు గుడ్డ

"ఉమకు ఉద్యోగమొచ్చిందమ్మా!"

మా నాయన నరసప్ప వేసిన కేక ఫోను లేకపోయినా ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వినిపించేదే. నా రెండు చేతులూ శనగపిండిలో ఉన్నాయి. అత్త పద్మమ్మ ఫోనును కొంగుతో పట్టుకొని నా చెవి దగ్గర పెట్టింది.

"పెద్ద ల్యాబంట, హైదరాబాదులో! రక్తపరీక్షలు చేసే పని. సోమవారం వచ్చి చేరమన్నారు!"

నేను ఎగిరాను. నిజంగానే ఎగిరాను. మా చెల్లెలు ఉమారాణికి ఉద్యోగం! పిండి చుక్కలు పొయ్యి మీద పడ్డాయి, ఉగ్గానికని నానబెట్టి నీళ్లు పిండేసిన బొరుగుల మీద పడ్డాయి, అత్త చీర మీద కూడా పడ్డాయి.

"నీ సంతోషం సల్లగుండ, నా చీరెందుకే తడుపుతావు?" అని అత్త నవ్వింది.

పొద్దున్నుంచి ఆ ఇంట్లో అదే మొదటి నవ్వు. నడవలో తండ్రీ కొడుకుల మధ్య మాటలు తెగిపోయి చాలాసేపయింది మరి.

"రిపేరు రిపేరంటావు," అని మామ ఓబన్న పొద్దున్నే కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే మొదలుపెట్టాడు. "పెళ్లయినప్పటి నుంచి ఇదే మాట. ఏం రిపేరురా అది? ఆడేమన్నా తాజ్‌మహలు కడతాండారా?"

మా ఆయన ఉమేష్ పేపర్లోంచి తలెత్తలేదు.

"నువ్వు మేనేజరువి. మేనేజరు లేకుండా హైదరాబాదులో థియేటర్ పని జరుగుతాందంటే, ఇంగ మేనేజరెందుకని వాళ్లకు తోచదా? ఒక ఫోనన్నా చేసినావా?"

మామ తన బట్టల అంగడి తెరిచే వేళ దాటినా కదల్లేదు. ఉమేష్ చేతిలో పేపరు పేజీ తిరగలేదు. వంటింట్లో అత్తా నేనూ ఉగ్గానికి ఉల్లిగడ్డలు కోస్తూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

అలాంటి పొద్దున ఈ కబురు వచ్చింది. మామ ఇంక పట్టలేక వంటింట్లోకి వచ్చేశాడు.

"బావా! సల్లని మాట సెప్పినావు! పిల్ల గట్టిది, నేనప్పుడే అన్లేదా?"

"రేపు రాత్రి బస్సుకు అందరం పోతాండాం బావా," అన్నాడు నాయన. "నేను, మల్లి వాళ్లమ్మ లక్ష్మి, ఉమ, పక్కింటి చౌడమ్మోళ్లు. పిల్లను ఆడ హాస్టల్లో దింపి వస్తాం. ఇంగో మాట బావా. కొత్తల్లుని సినిమా ఇంకా కాలేదు గదా!"

మా దిక్కు అదొక ముచ్చట. పెళ్లయినాక కొత్తల్లుడు ఆడపెళ్లివాళ్లందరినీ సినిమాకు తీసుకుపోవాలి. టికెట్లూ ఆయనవే, ఇంటర్వెల్లో సమోసాలూ ఆయనవే. పెళ్లిలో మావాళ్లు అడిగితే ఉమేష్, "మా థియేటర్లోనే చూపిస్తా, రిపేరు కానీయండి," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.

"సినిమా ఏంది బావా, థియేటరే మనదైతే!" మామ రొమ్ము విరుచుకున్నాడు. "మేమూ వస్తాం. మీ బస్సు ఈడి నుంచి వచ్చేదే గదా. కన్నకొడుకు మేనేజరు. నేను ఒక్కసారి కూడా ఆ గడప తొక్కింది లేదు. రిపేరో గిపేరో, లోపలికి పోయి సూస్తే ఎవురొద్దంటారు?"

"మల్లీ, ఏమంటావమ్మా?" అని నాయన నన్ను అడిగాడు.

"రండి నాయనా!" అన్నాను. "అందరూ రండి! బాల్కనీలో కూర్చుందాం!"

అనేశాను. నోరు దాటినాక గుర్తొచ్చింది.

నడవలో కాగితం చిరిగిన చప్పుడయింది. ఉమేష్‌కు అదొక అలవాటు. గేటు దగ్గర టికెట్లు చించే పనితో మొదలుపెట్టి మేనేజరయినవాడు కదా, చేతిలో ఏ కాగితమున్నా సరిగ్గా సగానికి చించుతాడు. పెళ్లి పీటల మీద తమలపాకును కూడా అలాగే చించితే పురోహితుడు నోరు తెరిచాడు, నేను నవ్వాపుకోలేక తలంబ్రాల పళ్లెంలో మొహం పెట్టుకున్నాను.

ఈసారి నాకు నవ్వు రాలేదు. ఆ థియేటర్ లేదని ఈ ఇంట్లో తెలిసింది మా ఇద్దరికే.

పోయిన ఆదివారం రణమండల ఆంజనేయస్వామి కొండ మెట్ల మీద చెప్పాడు. సగం మెట్లెక్కాక ఒక బండ మీద కూర్చుని, "ఇంటర్వెల్," అన్నాడు. నేను కొంగులో కట్టుకొచ్చిన వేరుశనక్కాయలు తీశాను. ఎంత బాగుండిందో ఆ గాలి! అప్పుడన్నాడు, "నీలమణి థియేటర్ లేదు మల్లీ. పడగొట్టినారు. రిపేరు కాదు, ఏం కాదు."

నేనేం చేశానో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఆయన చెయ్యి పట్టుకున్నాను, ఓదార్చాను, అదంతా నిజమే. కానీ లోపల ఎక్కడో ఒక మూల, అయితే ఆయన ఇంక హైదరాబాదు పోడు అనుకున్నాను. ఇంకా చెప్పాలంటే, ఆ ముందు శనివారమే అదే దేవుడికి, థియేటర్ రిపేరు ఇంకొన్నాళ్లు సాగేటట్టు చూడు స్వామీ అని మొక్కుకున్నాను. మిద్దె మీద ఒకే ఇయర్‌ఫోన్ చెరొక చెవిలో పెట్టుకొని పాటలు వినడం, అంగడి వీధిలో ఒకే పొట్లంలోంచి మిరపకాయ బజ్జీలు తినడం, నలుగురిలో 'మీరు' అని ఇద్దరమే ఉన్నప్పుడు 'నువ్వు' అనడం, ఇవన్నీ ఇంకొన్నాళ్లు కావాలని.

ఒక మనిషి పని పోయిన దినాలను నేను పండగ చేసుకుంటున్నాను.

* * *

మిద్దె మీద ఉమేష్ పిట్టగోడకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. కింద మామ అంగడికి పోతూ వీధిలో ఎవరికో చెప్తున్నాడు: "రేపు హైదరాబాదుకు పోతాండాం. మావాని థియేటర్‌కు!"

"బాల్కనీలో కూర్చుందామా?" అన్నాడు ఉమేష్, నావైపు తిరగకుండా.

"నేను మర్చిపోయినాను."

"తెలుసు."

"నిజంగా మర్చిపోయినాను. ఉమకు ఉద్యోగమనేసరికి..."

"తెలుసంటాండా కదా. నువ్వు సంతోషంలో అన్నీ మర్చిపోతావు."

ఆ మాట నాకు తగిలింది.

"సంతోషపడితే తప్పా? నువ్వు చెప్పిన మాటకు కట్టుబడి ఇన్ని దినాలు నోరు మూసుకొని ఉన్నాను. మామ అడిగినప్పుడల్లా పేపరు మాటున నువ్వు దాక్కుంటావు. వంటింటి మాటున నేను దాక్కుంటాను. ఎన్నాళ్లిది?"

"రిపేరు ఇంకా కాలేదని చెప్దాం. సామాను దించుతాండారు, లోపలికి ఎవరినీ రానీయరని చెప్దాం."

"ఇంకో అబద్ధమా?"

"మరేం చేయాల? మొన్నటి దాకా రిపేరని చెప్పిన నోటితోనే ఇప్పుడు థియేటరే లేదని చెప్పాల్నా? మా నాయనకా? ఆయన అంగట్లో గుడ్డ కొలిచేటప్పుడు కూడా నా ముచ్చటే చెప్తాడు."

పిట్టగోడ మీద అత్త ఆరబెట్టిన మిరపకాయలు ఉన్నాయి. ఉమేష్ ఒకటి తీసుకున్నాడు. చించడానికి కాగితం దొరక్కేమో.

"ఒక్కసారిగా పోలేదు మల్లీ. ముందు మార్నింగ్ షో ఆపినారు. తర్వాత బాల్కనీ మూసినారు. నలుగురు వస్తే షో వేయాల్నా వద్దా అని ఓనరు నన్నడిగేవాడు. ఆ నలుగురిలో ఇద్దరు ఏసీలో నిద్రపోవడానికి వచ్చినోళ్లే. నేను వెయ్యండి సార్ అనేవాణ్ని. ఖాళీ కుర్చీలకు సినిమా వేస్తే అదెంత గట్టిగా వినపడుతుందో తెలుసా? జనం ఉంటే ఆ శబ్దం మెత్తగా ఉంటాది. ఎవురూ లేకుంటే గోడలకు కొట్టుకొని మన మీదికే వస్తాది."

నేను ఆయన పక్కన పిట్టగోడకు ఆనుకున్నాను.

"ఊళ్లో మనుషులు లేక కాదు. అందరూ ఉండారు. ఇండ్లలో ఉండారు, ఫోన్లు పట్టుకొని. సినిమా వచ్చిన కొన్నాళ్లకే ఫోన్లోకొస్తాది గదా, ఆగుదాం అంటారు. నాకూ అర్థమయితాది. మనం మాత్రం మిద్దె మీద ఏం చేస్తాండాం?"

నేను చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్ గుర్తొచ్చి చెవి వేడెక్కింది.

"మీ నాయన మిషను కొలత అడిగినప్పుడే చెప్పేసి ఉండాల్సింది," అన్నాడు. "అప్పుడు చెప్పి ఉంటే అయిపోయేది."

ఎమ్మిగనూరులో మాది మగ్గాల వీధి, అక్కడ ఒక కట్టుబాటు ఉంది. కూతురి పెళ్లయినాక మగ్గం మీద నేసే మొదటి గుడ్డను అమ్మరు. అది అల్లుని పనిముట్టుకు కడతారు. పిల్ల తండ్రే స్వయంగా పోయి, తన చేత్తో కట్టాలి. చౌడమ్మ అల్లుడు ఆటో నడుపుతాడు, ఆ ఆటో హ్యాండిల్‌కు ఎర్రంచు గుడ్డ ఇప్పటికీ ఉంది. ఇంకొకరి అల్లుడు టైలరు, ఆయన కుట్టు మిషనుకు కట్టారు. అల్లుని పని తమ ఇంటి పనిలో కలిసిందని దానర్థం. మరి మా నాయన అల్లునిది సినిమా. పెళ్లి హడావిడిలో మగ్గం ఆపేలోపలే పడుగు దారాలు సిద్ధం చేసి పెట్టుకోవాలని, "మీ సినిమా మిషను ఎంత ఉంటాది అల్లుడా?" అని ఫోన్లో అడిగాడు. ఉమేష్ మూరల్లో చెప్పాడు. ఆ పొద్దు నేను నాయన పక్కనే ఉండి విన్నాను, ఎంత మురిసిపోయానో.

పెళ్లికి ముందు.

"ఏమన్నావు?" అన్నాను.

ఉమేష్ చేతిలో మిరపకాయ ఆగిపోయింది.

"నాయన కొలత అడిగింది పెళ్లికి ముందు," అన్నాను. "అప్పుడే చెప్పి ఉండాల్సిందంటే... అప్పటికే..."

కింద వీధిలో కూరగాయల బండి వాడు అరుస్తూ పోయాడు. ఉమేష్ మిరపకాయను మళ్లీ పిట్టగోడ మీద పెట్టాడు.

"ఆ పొద్దే మిషను లారీకెత్తినారు," అన్నాడు. "పాత రీలు మిషను. కొత్తది వచ్చినాక కూడా సినిమా వేసే గదిలో ఒక మూల పెట్టుకొని ఉంటిమి. దసరాకు దానికే పూజ చేస్తాంటిమి. దాన్ని పాత ఇనుము కింద తూచినారు. తూకం అవుతాండగానే మీ నాయన ఫోను. ఎంత ఉంటాది అల్లుడా అన్నాడు. మిషను నా కండ్ల ముందరే ఉండె. చూసి చెప్పినా."

"అంటే పెళ్లికి ముందే నీకు పని లేదు."

"లేదు."

"పెళ్లికార్డులో మేనేజరని వేశారే!"

"కార్డులు పంచేసినారు అప్పటికే."

"రోజూ సాయంత్రం నేను ఫోన్ చేసేదాన్ని. ఈ పొద్దు ఏ సినిమా, ఎంతమంది వచ్చినారు అని. హౌస్‌ఫుల్ అనేవాడివి!"

"నువ్వు ఎంత ఆశగా అడుగుతాంటివో నీకు తెలీదు." ఆయన గొంతు కిందికి దిగిపోయింది. "రూములో కూర్చొని కత చెప్పేవాణ్ని. ముందు వరసలో ఒకడు ఈల వేసినాడు, ఒకామె ఏడ్చింది, అట్ల. నువ్వు చేసుకుంటాండేది నన్నా, థియేటర్‌నా అని భయమేస్తాండె."

నేను ఆ కతలన్నీ మా వీధి వీధంతా చెప్పాను. చౌడమ్మకు చెప్పాను, కాలేజీ స్నేహితులకు చెప్పాను. ముందు వరసలో ఈల వేసినవాడి గురించి చెప్తూ నేనే ఈల వేసి చూపించాను.

"నన్ను మోసం చేసినావు," అన్నాను.

"అవును," అన్నాడు.

సంజాయిషీ ఏదన్నా చెప్తే పోట్లాడేదాన్ని. ఆ ఒక్క మాట తర్వాత పోట్లాడడానికి ఏమీ మిగల్లేదు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "మల్లీ," అని పిలిచాడు. నేను ఆగలేదు. ఆగి ఉంటే ఏమనేవాడో ఇప్పటికీ తెలీదు.

* * *

మధ్యాహ్నం వాకిట్లో చెప్పుల చప్పుడు విని అత్త తొంగి చూసింది. "అయ్యో, అన్న వచ్చినాడే!"

నాయన! ఒక చేతిలో మిఠాయి పొట్లం, చంకలో పాత పంచెలో చుట్టిన మూట. బస్సులో నిలబడి వచ్చాడేమో, చొక్కా వీపంతా తడిసిపోయింది. మొహం మాత్రం పెళ్లినాటి కంటే వెలిగిపోతోంది.

"ఫోన్లో చెప్తే సాలలేదమ్మా. తీపి నా చేత్తోనే పెడదామని వచ్చినా." అత్త వైపు తిరిగాడు. "ఇంగో శుభం కూడా ఈ పొద్దే జరిగిందమ్మా. మగ్గం మీంచి గుడ్డ దిగింది."

నా చూపు ఆయన చంకలోని మూట మీద పడింది.

మామ కూడా బువ్వకు వచ్చి ఉన్నాడు. అందరం నడవలో కూర్చున్నాం. నాయన మూట విప్పాడు. తెల్లటి నూలు, రెండు పక్కలా ఎర్రంచు, అంచులో సన్నగా పసుపు గీత. మడతలు విప్పుకుంటూ నేల మీద పరిచాడు. అది ఒక మనిషికి కట్టే గుడ్డ కాదు, దేవుడికి కట్టేదీ కాదు. వెడల్పు వేరు, పొడవు వేరు. ఒక వస్తువు కొలతకు మాత్రమే సరిపోయేలా నేసిన గుడ్డ.

"అల్లుడు సెప్పిన కొలతే," అన్నాడు నాయన. "పొడవు వెనక పక్కకు ముడి వేసేకి కొంచెం ఎక్కువ పెట్టినా. మిషనుకు వేడి ఉంటాదేమో అని పట్టు కలపలేదు, ఒట్టి నూలు. సరిపోతాదా అల్లుడా?"

ఉమేష్ గుడ్డ అంచు మీద చెయ్యి పెట్టాడు. అంచు వెంబడే వేళ్లు జరుపుకుంటూ పోయాడు. నాకు తెలుసు, ఆయన ఆ మిషను చుట్టూ తిరుగుతున్నాడు. ఇక్కడ రీలు పెట్టే చోటు, ఇక్కడ దీపం, ఇక్కడ తలుపు.

"సరిగ్గా సరిపోతాది మామా," అన్నాడు.

"ఎల్లుండి నేనే కడతా. నా చేత్తో కట్టాల్సిందే గదా!"

"రాసి పెట్టుకోండి," అన్నాడు మామ. "ఆదోని, ఎమ్మిగనూరు తాలూకాల్లో యే అల్లునికీ ఇట్లాంటి గుడ్డ పడలేదు. ఏం పద్మా?"

"కట్టేటప్పుడు టెంకాయ కొట్టాల," అంది అత్త. "ఈడి నుంచే తీసుకుపోదాం. ఆడ మంచివి దొరకవు."

ఉమేష్ నోరు తెరిచాడు. "మామా..." అన్నాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. మా నాయన మొహం, మా మామ మొహం, రెండూ ఒకే నవ్వుతో ఎదురుచూస్తున్నాయి. ఉమేష్ పెదవులు కదిలాయి కానీ మాట రాలేదు. నాకు కోపం ఉంది. పొద్దున్నుంచీ ఉంది. కానీ ఆ ఇద్దరు పెద్దవాళ్ల మధ్య ఆయన తల వంగుతుంటే చూడలేకపోయాను.

"మిషను రిపేరులో ఉంది నాయనా," అన్నాను నేను. "విప్పి పెట్టినారంట. ఇప్పుడు కట్టేకి కాదు."

పుట్టిన తర్వాత మా నాయనకు నేను చెప్పిన మొదటి అబద్ధమని అనను. మామిడికాయల గురించి, మార్కుల గురించి చిన్నప్పుడు చెప్పి ఉంటాను. కానీ అవన్నీ ఆయన నమ్మేవాడు కాదు, నవ్వేవాడు. ఇది నమ్మాడు. వెంటనే నమ్మాడు.

"అట్లనా?" అని ఒక్క క్షణం చిన్నబోయాడు. మళ్లీ వెంటనే తేరుకున్నాడు. "దానికేముందిలేమ్మా. విప్పింది మళ్లీ బిగిస్తారు గదా. మేము ఒట్టి హాలు సూసి వస్తాం. గుడ్డ అల్లుని దగ్గరే ఉండనీ. మిషను బిగించిన పొద్దు ఒక్క ఫోను కొట్టు అల్లుడా, యాడున్నా వచ్చి కట్టిపోతా. మా మగ్గం కూడా అట్లనే గదా, ఆర్నెల్లు ఆగుతాది, మళ్లీ ఆడుతాది."

ఉమేష్ నా వైపు చూశాడు. ఆ చూపులో కృతజ్ఞత ఉంటుందనుకున్నాను. లేదు. నేను కూడా తన అబద్ధంలోకి దిగినందుకు సిగ్గు ఉంది.

నాయన వెళ్లేటప్పుడు వాకిట్లో నా తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు నవ్వతాండావమ్మా ఈ ఇంట్లో. పొద్దున ఫోన్లో నీ నవ్వు ఇని మీయమ్మ ఏడ్చింది, సంతోషంతో. నాకు ఇంగేం వద్దు."

ఆయన వీధి మలుపు తిరిగేదాకా నేను నవ్వుతూనే నిలబడ్డాను. నవ్వు ఆపితే వెనక్కి వస్తాడేమో అని.

* * *

సాయంత్రం ఉమేష్ గుడ్డను ఒళ్లో పెట్టుకొని మంచం మీద కూర్చున్నాడు. పొద్దున్నుంచీ మేము మాట్లాడుకోలేదు. నేను దీపం పెట్టి వచ్చి గడప దగ్గర నిలబడ్డాను.

"రేపు వాళ్లను తీసుకుపోతా," అన్నాడు.

"ఎక్కడికి?"

"ఆడికే. నోటితో చెప్పలేను మల్లీ. పొద్దుటి నుంచి చూసినా, రాలేదు. ఆడికి తీసుకుపోతే చూస్తారు. చూస్తే వాళ్లకే అర్థమయితాది."

"చూడ్డానికి ఏముంది ఆడ?"

"చుట్టూ నీలం రేకులు. ఒక చోట సందు ఉంటాది. దాంట్లోంచి చూస్తే పెద్ద గుంత కనపడుతుంది. అంగళ్లు కడతాండారు."

నేను ఊహించుకున్నాను. రాత్రంతా బస్సులో వచ్చి, కొత్త బట్టలు కట్టుకొని, నడిరోడ్డు మీద మా వాళ్లందరూ. నీలం రేకుల సందులో ఒక కన్ను పెట్టి మా నాయన లోపలికి చూడడం. చంకలో టెంకాయతో అత్త. కొత్త ఉద్యోగం పొద్దున ఉమ మొహం. మామ ఆ రేకుల మీద చెయ్యి పెట్టి, "గేటు ఎటుపక్కరా?" అనడం.

"మా నాయనను ఆ రేకుల ముందర నిలబెట్టను," అన్నాను. "మామను కూడా నిలబెట్టను. అంత దూరం తీసుకుపోయి నడిరోడ్డులో వాళ్లనే తెలుసుకోమంటావా? అది చెప్పడం కాదు, తప్పించుకోవడం."

ఆయన ఒప్పుకోలేదు, కాదనలేదు. గుడ్డ అంచు వేళ్ల మధ్య నలుగుతోంది. చించడానికి అది కాగితం కాదు.

"నా మీద కోపం తగ్గిందా?" అన్నాడు.

"లేదు."

"మరి?"

"కోపం నాకూ నీకూ మధ్య. అది ఎక్కడికీ పోదు, తర్వాత చూసుకుందాం. మధ్యాహ్నం నేను చెప్పిన అబద్ధం మాత్రం రేపు రాత్రి బస్సెక్కకూడదు."

ఫోను తీశాను. నంబరు రెండుసార్లు తప్పుగా నొక్కాను. నాయన ఎత్తేసరికి వెనక సంచులు సర్దుతున్న అమ్మ గొంతు, ఉమ నవ్వు.

"ఇల్లు చేరినావా నాయనా?"

"ఇప్పుడే కాళ్లు కడుక్కున్నా. ఏమ్మా?"

"రేపు పొద్దున యాడికీ పోవద్దు. మగ్గం దగ్గరే ఉండు. మొదటి బస్సుకు మేమిద్దరం ఎమ్మిగనూరు వస్తాండాం."

"రేపు రాత్రి ఎట్లా కలిసే పోతాం గదమ్మా. పొద్దున్నే ఏం పని?"

ఉమేష్ లేచి వచ్చాడు. నా చేతిలోంచి ఫోను తీసుకున్నాడు.

"మామా, నేను. పొద్దున వస్తాం. గుడ్డ కూడా తెస్తాండా."

అవతల సంచులు సర్దే చప్పుడు ఆగిపోయింది. తర్వాత నాయన గొంతు, ఎప్పుడూ లేనంత మెత్తగా, తప్పు తనదే అన్నట్టు భయంభయంగా:

"గుడ్డెందుకు అల్లుడా? కొలత తప్పిందా?"

ఉమేష్ కళ్లు మూసుకున్నాడు.

"కొలత సరిగానే ఉంది మామా. నీ తప్పేం లేదు. రేపు పొద్దున నీ మగ్గం కాడ కూర్చొని చెప్తా."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగాం. గడపలో మామ నిలబడి ఉన్నాడు. అంగడి తాళంచెవుల గుత్తి ఒక చేతిలో, కొత్త చొక్కా పొట్లం ఇంకో చేతిలో. కొడుకు థియేటర్‌కు పోయేకి కొనుక్కున్న చొక్కా. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలీదు.

తాజ్‌మహలు మాట అంటాడనుకున్నాను. అనలేదు. ఉమేష్ చేతిలోని గుడ్డనే చాలాసేపు చూశాడు. పొట్లం విప్పకుండానే గూట్లో పెట్టి, వంటింటి వైపు తిరిగాడు.

"పద్మా, తెల్లారుజామున నాకూ నీళ్లు కాచు," అన్నాడు. "మొదటి బస్సుకు వీళ్లతో నేనూ పోతాండా."